ఆహారంలో పోషకాల పరీక్షలు: బడి ప్రయోగశాలకు ఒక సమగ్ర మార్గదర్శి

అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క పడగానే నీలినలుపు రంగు రావడం హైస్కూలు పిల్లలందరూ చూసే ప్రయోగమే. ఆ రంగు చూసి "ఇందులో పిండిపదార్థం ఉంది" అని నోటు పుస్తకంలో రాసుకోవడంతో చాలా తరగతుల్లో పాఠం ముగిసిపోతుంది. అదే చుక్కను ఉత్త నీళ్లలో వేస్తే ఏమవుతుందో, పొగలు కక్కే గంజిలో వేస్తే రంగు ఎందుకు రాదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. నిజానికి పరీక్షను నమ్మవచ్చా లేదా అన్నది తేలేది అక్కడే. పిండిపదార్థం, చక్కెరలు, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్ సి అనే అయిదింటికి బడిలో చేయగల పరీక్షలను, అవి మనల్ని ఎక్కడెక్కడ మోసగిస్తాయో ఆ వివరాలతో సహా, ఇక్కడ వరుసగా వివరిస్తాను.

సూచిక దేన్ని చూస్తుంది?

రసాయన సూచిక, అంటే రంగు మారి ఒక పదార్థం ఉనికిని చూపే ద్రావణం, పోషకాన్ని పోషకంగా గుర్తించదు. అణువులోని ఒక ప్రత్యేకమైన అమరికనో, ఒక ప్రత్యేకమైన గుణాన్నో మాత్రమే గుర్తిస్తుంది. అయోడిన్‌కు కనిపించేది పిండిపదార్థంలో స్ప్రింగులా చుట్టుకొని ఉండే అమైలోజ్ అనే గొలుసు. బెనెడిక్ట్ ద్రావణానికి కనిపించేది క్షయకరణ శక్తి, అంటే రాగి అయాన్‌కు ఎలక్ట్రాన్ ఇవ్వగల గుణం. బైయూరెట్ పరీక్షకు కనిపించేది అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం. ఈ సంగతి గుర్తుంటే, పంచదార తియ్యగా ఉన్నా బెనెడిక్ట్ పరీక్షలో ఎందుకు తప్పుతుందో, ఉసిరి రసం పుల్లగా ఉన్నా అదే పరీక్షలో ఎందుకు నెగ్గుతుందో విడిగా బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

అందుకే ప్రతి పరీక్షకూ ఒకటి కాదు, మూడు పరీక్షనాళికలు పెట్టాలి. మొదటి దానిలో ఉత్త నీళ్లు, రెండో దానిలో ఆ పోషకం తప్పకుండా ఉందని ముందే తెలిసిన పదార్థం, మూడో దానిలో మనం పరీక్షించదలచిన ఆహారం ఉండాలి. మూడింటికీ ఒకే కొలతలో, ఒకే సమయంలో సూచికను కలపాలి. నీళ్ల నాళికలో రంగు వచ్చిందంటే సూచికో నాళికో కలుషితమైందని అర్థం. తెలిసిన పదార్థం ఉన్న నాళికలో రంగు రాలేదంటే సూచిక పాడైందని అర్థం. ఈ రెండూ సరిగా ఉన్నప్పుడే మూడో నాళిక చెప్పే మాటకు విలువ ఉంటుంది. సామగ్రి తక్కువగా ఉన్న బడిలో పరీక్షించే పదార్థాల సంఖ్యను తగ్గించుకోవచ్చు గాని, ఈ రెండు నాళికలను మాత్రం తగ్గించుకోకూడదు.

సూచికలను సిద్ధం చేసుకోవడం

అయోడిన్ ద్రావణం: అయోడిన్ ఉత్త నీటిలో సరిగా కరగదు. ముందుగా 2 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ను కొద్దిపాటి నీటిలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి పూర్తిగా కరిగాక, మొత్తం 300 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్లు కలపాలి. దీన్ని ముదురు గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలని చోట ఉంచాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌నో, గాయాలకు వాడే పోవిడోన్ అయోడిన్‌నో లేత టీ రంగు వచ్చేవరకు నీళ్లతో పలుచన చేసి వాడవచ్చు. పలుచన చేయకుండా వాడితే అన్నీ ముదురు గోధుమరంగులోనే కనిపించి, వచ్చిన రంగు మార్పేదో అయోడిన్ సొంత రంగేదో తేల్చుకోలేక పిల్లలు తికమకపడతారు.

బెనెడిక్ట్ ద్రావణం: ఒక లీటరు ద్రావణానికి 173 గ్రాముల సోడియం సిట్రేట్, 100 గ్రాముల అనార్ద్ర సోడియం కార్బొనేట్, 17.3 గ్రాముల కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు కావాలి. మొదటి రెండింటిని సుమారు 800 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగించి వడగట్టాలి. కాపర్ సల్ఫేట్‌ను వేరుగా 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, దాన్ని మొదటి ద్రావణంలో సన్నని ధారగా పోస్తూ కలియబెట్టి, చివర లీటరుకు సరిపడా నీళ్లు పోయాలి. క్షార ద్రావణంలో రాగి అవక్షేపంగా దిగిపోకుండా సిట్రేట్ పట్టి ఉంచుతుంది కనుక ఇది నెలల తరబడి నిలవ ఉంటుంది. చక్కెరల పరీక్షకే వాడే మరో రాగి ద్రావణమైన ఫేలింగ్ ద్రావణానికి ఆ వెసులుబాటు లేదు. దాని రెండు భాగాలను వాడే ముందు మాత్రమే కలపాలి. రెండూ అందుబాటులో ఉన్నప్పుడు బడికి బెనెడిక్టే మేలన్నది నా అభిప్రాయం.

బైయూరెట్ పరీక్షకు రెండు ద్రావణాలు కావాలి. 2 గ్రాముల కాపర్ సల్ఫేట్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే ఒకటి సిద్ధమవుతుంది. ఇది రైతులు బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తమే అయినా, ప్రయోగశాలకు శుద్ధమైన రకాన్ని తెప్పించుకోవడం మంచిది. రెండోది 10 గ్రాముల కాస్టిక్ సోడాను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి చేసినది. సోడా బిళ్లలను కొంచెం కొంచెంగా నీటిలో వేస్తూ కలపాలి తప్ప, బిళ్లల మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు ద్రావణం బాగా వేడెక్కి చిందే ప్రమాదం ఉంటుంది. చల్లారిన ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలో పోయాలి, ఎందుకంటే గాజు సీసాలో గాజు బిరడా పెడితే అది కొన్నాళ్లకు బిగుసుకుపోయి ఊడిరాదు.

జాగ్రత్తలు

ఈ సామగ్రిలో నిజంగా భయపడవలసింది కాస్టిక్ సోడాకే. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆరు, ఏడు తరగతుల పిల్లల చేతికి ఈ సీసా ఇవ్వకుండా ఉపాధ్యాయుడే తిరిగి చుక్కలు వేయాలి, కళ్లద్దాలు మాత్రం అందరూ పెట్టుకోవాలి. మీద పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. కాపర్ సల్ఫేట్ విషం కనుక ప్రయోగశాలలోకి వచ్చిన వేరుశనగ గింజైనా, అరటిపండు ముక్కైనా మళ్లీ నోట్లోకి వెళ్లకూడదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. వేరుశనగ పడని పిల్లలు తరగతిలో ఉన్నారేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

నమూనా తయారీ

ఘనపదార్థాలను కల్వంలో మెత్తగా నూరి, పది వంతుల నీళ్లు కలిపి, బాగా గిలకొట్టి, పలుచని గుడ్డతో వడగట్టాలి. పాలు, రసాలు వంటి ద్రవాలను సగానికి సగం నీళ్లతో పలుచన చేస్తే సరిపోతుంది. వండిన కూరలను పరీక్షకు తీసుకోకపోవడమే ఉత్తమం. పసుపు స్వయంగా ఒక సూచిక కనుక, కాస్టిక్ సోడా తగలగానే ఎర్రబారి బైయూరెట్ పరీక్షను పూర్తిగా చెడగొడుతుంది. కందిపప్పు, శనగపిండి సహజమైన పసుపు రంగు కూడా లేత ఊదాను కప్పేస్తుంది కనుక, పప్పుల్లో పొట్టు తీసిన మినప్పప్పును ఎంచుకోవాలి. ఒక్కో పరీక్షకు వేరు వేరు నాళికలు వాడాలి. ఒక పరీక్ష ముగిసిన నాళికలోనే మరో సూచిక కలిపితే ఫలితానికి అర్థం ఉండదు, ఎందుకంటే క్షారం తగిలిన చోట అయోడిన్ కూడా నీలం ఇవ్వదు.

పిండిపదార్థం

తెలిసిన పదార్థంగా పలుచని గంజిని మించింది లేదు. నమూనా ద్రావణం 2 మిల్లీలీటర్లు తీసుకొని, అది పూర్తిగా చల్లారిందని నిర్ధారించుకొని, పలుచన చేసిన అయోడిన్ రెండు మూడు చుక్కలు వేసి కదిలించాలి. నీలం లేదా నీలినలుపు వస్తే పిండిపదార్థం ఉన్నట్లు. గోధుమరంగో లేత పసుపో అలాగే మిగిలితే అది అయోడిన్ సొంత రంగే తప్ప ఫలితం కాదు. బంగాళాదుంప, సగ్గుబియ్యం, మైదా, రాగిపిండి, మినప్పప్పు అన్నీ నీలినలుపుకు తిరుగుతాయి. ఉల్లిపాయ తిరగదు. దుంపలా కనిపించే ఉల్లిలో పిండిపదార్థం నిలవ ఉండదన్న సంగతి పిల్లలకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

రంగు వచ్చిన గంజి నాళికను వేడినీళ్లలో ఉంచి చూడండి. కాసేపటికి నీలం మాయమవుతుంది, చల్లార్చితే తిరిగి వస్తుంది. అమైలోజ్ చుట్టల లోపల వరుసగా ఇమిడిన అయోడిన్ వేడికి బయటికి జారిపోవడమే దీనికి కారణం. వేడి అన్నం మీద ప్రయోగం చేసి "రంగు రాలేదు" అని రాసుకున్న వారికి జరిగిన పొరపాటు ఇదే. దీనితోపాటు మరో సరదా ప్రయోగం చేయవచ్చు. చల్లారిన పలుచని గంజిలో కొద్దిగా లాలాజలం కలిపి, గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు ఉంచి, ఆ తర్వాత అయోడిన్ వేస్తే నీలం బాగా తగ్గుతుంది లేదా అసలే రాదు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ గొలుసులను తెంపి మాల్టోజ్ అనే చక్కెరగా మార్చిందని, అదే గంజికి బెనెడిక్ట్ పరీక్ష చేసి నిరూపించవచ్చు. ఎవరి లాలాజలాన్ని వాళ్లే వాడుకోవాలి.

పాలలో గంజి గాని పిండి గాని కలిపారేమో చూడటానికి కూడా ఈ పరీక్షనే వాడతారు. కొద్దిగా పాలను నీళ్లు కలిపి మరిగించి, చల్లార్చి, రెండు మూడు చుక్కల అయోడిన్ వేస్తే కల్తీ లేని పాలు నీలంగా మారవు. ఇంటి ఉప్పులో అయోడిన్ ఉంది కదా, అది గంజిలో వేస్తే నీలం రావాలి కదా అని అడిగే చురుకైన విద్యార్థి ప్రతి తరగతిలో ఒకరుంటారు. ఉప్పులో కలిపేది అయోడేట్ రూపంలో ఉంటుందని, నీలం రంగుకు విడి అయోడిన్ కావాలని ఆ విద్యార్థికి చెప్పాలి.

చక్కెరలు

నమూనా 2 మిల్లీలీటర్లకు బెనెడిక్ట్ ద్రావణం 2 మిల్లీలీటర్లు కలిపి, నాళికను మరుగుతున్న నీటిలో మూడు నుంచి అయిదు నిమిషాలు నిలబెట్టాలి. నేరుగా మంట మీద పెడితే ద్రావణం ఒక్కసారిగా ఎగిసి పడుతుంది కనుక నీటి గిన్నెలో వేడి చేయడమే క్షేమం. చక్కెర కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, బాగా ఉంటే ఇటుక ఎరుపు అవక్షేపం వస్తుంది. ఆ ఎరుపు క్యూప్రస్ ఆక్సైడ్. ఈ రంగుల మెట్ల వల్ల ఇది ఉందా లేదా అన్నదే కాక, ఎక్కువా తక్కువా అన్నది కూడా ఉజ్జాయింపుగా చెబుతుంది. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ పేరుతో వచ్చిన ఈ ద్రావణాన్ని గ్లూకోమీటర్లు రాకముందు మధుమేహ రోగుల మూత్ర పరీక్షకు వాడేవారు. 5 మిల్లీలీటర్ల ద్రావణానికి 8 చుక్కల మూత్రం కలిపి మరిగించి రంగు చూసే పద్ధతి వయసు మళ్లిన వారికి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

తెలిసిన పదార్థంగా గ్లూకోజ్ పొడి ద్రావణం వాడాలి. తేనె, ద్రాక్షరసం, బెల్లం, ఉల్లిరసం, పాలు అన్నీ రంగు మారుస్తాయి. పంచదార ద్రావణం మాత్రం నీలంగానే ఉండిపోతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు రెండూ తమ చురుకైన కొసలతోనే ఒకదానికొకటి ముడిపడి సుక్రోజ్‌గా ఏర్పడటం వల్ల, రాగిని క్షయకరించే కొస ఏదీ మిగలదు. ఆ ముడిని విప్పి చూపించవచ్చు. పంచదార ద్రావణంలో కొన్ని చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి అయిదు నిమిషాలు వేడినీటిలో ఉంచి, చల్లారాక పొంగు ఆగేవరకు వంటసోడా వేసి ఆమ్లాన్ని తటస్థం చేయాలి. ఇప్పుడు బెనెడిక్ట్ పరీక్ష చేస్తే ఎరుపు వస్తుంది. తటస్థం చేయడం మరిచిపోతే క్షార ద్రావణమైన బెనెడిక్ట్ పని చెడుతుంది. చెరకు నుంచే వచ్చిన బెల్లం మాత్రం మొదటిసారే రంగు మారుస్తుంది, ఎందుకంటే కాచేటప్పుడే సుక్రోజ్ కొంత విడిపోయి ఉంటుంది.

ఇక ఈ పరీక్ష చేసే మోసం. విటమిన్ సి కూడా మంచి క్షయకరణి కనుక ఉసిరి రసంలో వచ్చిన రంగంతా చక్కెర వల్లే అనుకోకూడదు. గుడ్డు తెల్లసొనలో బెనెడిక్ట్ కలిపితే ఊదా ఛాయ కనిపించవచ్చు. అది మాంసకృత్తుల పని తప్ప చక్కెర పని కాదు.

సమయం ఉన్న తరగతికి నేను సూచించే ప్రాజెక్టు అరటి. ఒకే హస్తం నుంచి తెచ్చిన పచ్చికాయలను పెట్టుకొని, రోజుకొక కాయను అడ్డంగా కోసి, ఒక చక్రం మీద అయోడిన్ పూసి, మరో చక్రాన్ని నూరి బెనెడిక్ట్ పరీక్ష చేయాలి. మొదటి రోజు చక్రం అంతా నల్లబడుతుంది, బెనెడిక్ట్ మాత్రం పెద్దగా మారదు. పండేకొద్దీ నలుపు వెనక్కి తగ్గుతూ, ఎరుపు ముందుకు వస్తుంది. పిండిపదార్థం చక్కెరగా మారడం అనే వాక్యం పిల్లల కళ్ల ముందే జరుగుతుంది. రోజూ ఒకే మందం ముక్క, ఒకే కొలత నీళ్లు, ఒకే వేడి సమయం పాటించకపోతే ఈ పోలిక చెడిపోతుంది. యాపిల్ తోటల్లో కాయ కోతకు వచ్చిందో లేదో తేల్చడానికి కూడా కోసిన ముక్క మీద ఇలాగే అయోడిన్ పూసి చూస్తారు.

మాంసకృత్తులు

తెలిసిన పదార్థంగా గుడ్డు తెల్లసొనను పది రెట్లు నీటితో పలుచన చేసి వాడాలి. గుడ్డు ముట్టని పిల్లలుంటే మీల్ మేకర్ ముక్కలను నానబెట్టి నూరి తీసిన నీళ్లు చక్కగా పనికివస్తాయి. నమూనా 2 మిల్లీలీటర్లకు కాస్టిక్ సోడా ద్రావణం పది చుక్కలు కలిపి, తర్వాత కాపర్ సల్ఫేట్ ద్రావణం ఒక్కొక్క చుక్కగా రెండు మూడు చుక్కలు మాత్రమే వేసి, కదిలించి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఊదారంగు వస్తే మాంసకృత్తులు ఉన్నట్లు. కాపర్ సల్ఫేట్ ముందు, సోడా తర్వాత వేసే వరుస కూడా చెల్లుతుంది. అయితే రాగిని చివర చుక్కలుగా వేస్తే అది ఎక్కువవుతున్న సంగతి కంటికి తెలుస్తుంది కనుక నేను మొదటి వరుసకే ఓటు వేస్తాను.

ఈ పరీక్ష విఫలమయ్యేది దాదాపు ఎప్పుడూ అతి వల్లనే. రాగి ఎక్కువైతే నీలిరంగు కాపర్ హైడ్రాక్సైడ్ గడ్డకట్టి, కిందున్న లేత ఊదాను కప్పేస్తుంది. నీళ్ల నాళిక పక్కన పెట్టుకోని విద్యార్థి ఆ నీలాన్నే ఫలితంగా రాసేస్తాడు. రెండు నాళికలను తెల్ల కాగితం ముందు పక్కపక్కన పట్టుకొని చూస్తే నీలానికీ ఊదాకూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో పొరపాటు ఈ నాళికను వేడి చేయడం. వేడి చేస్తే నమూనాలోని చక్కెరలు రాగిని క్షయకరించి రంగును మార్చేస్తాయి. విడి విడి అమైనో ఆమ్లాలకు పెప్టైడ్ బంధం ఉండదు కనుక అవి ఈ పరీక్షలో కనిపించవు. బైయూరెట్ అన్న పేరు కూడా తికమక పెడుతుంది. యూరియాను వేడి చేస్తే వచ్చే ఆ పదార్థం ఇదే రంగు ఇస్తుంది కనుక పరీక్షకు ఆ పేరు వచ్చింది. పరీక్షలో మనం దాన్ని ఎక్కడా కలపము.

కొవ్వు

మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం వెలుగుకు పెడితే ఎలా కనిపిస్తుందో అందరికీ తెలుసు. పరీక్ష కూడా అదే. వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి, బియ్యం, దోసకాయ ముక్క వంటివాటిని విడివిడిగా తెల్ల కాగితంలో పెట్టి నలిపి, ఆ కాగితాలను ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన తర్వాత కూడా వెలుతురుకు మసక అద్దంలా కనిపించే మరక కొవ్వుది. నీటి మరక ఆరాక మాయమవుతుంది. అందుకే ఒక కాగితం మీద ఉత్త నీటి చుక్క, మరో దాని మీద నూనె చుక్క వేసి పోలిక కోసం ఉంచాలి. తొందరపడి తడి ఆరకముందే చూస్తే దోసకాయలో కూడా కొవ్వు ఉన్నట్లు తేలుతుంది.

ఆల్కహాల్ అందుబాటులో ఉన్న ప్రయోగశాలలో, నూరిన నమూనాను 5 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో బాగా గిలకొట్టి, తేరిన తర్వాత పైన ఉన్న ద్రవాన్ని అంతే కొలత నీటిలో పోస్తే పాలలా తెల్లబారుతుంది. ఆల్కహాల్‌లో కరిగిన కొవ్వు నీటిలో కరగలేక సూక్ష్మ బిందువులుగా విడిపోవడమే ఆ తెలుపు. గదిలో ఏ మంటా లేనప్పుడే దీన్ని చేయాలి. సుడాన్ రంగులతో చేసే పరీక్ష బడికి అక్కర్లేదు. ఆ రంగులను ఆహారంలో కలపడం నిషిద్ధం, చర్మానికి అంటకుండా వాడటం చిన్న పిల్లలకు కష్టం.

విటమిన్ సి

గంజి, అయోడిన్ కలిసి ఇచ్చే నీలమే ఇక్కడ సూచిక. విటమిన్ సి అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చేస్తుంది కనుక నీలం మాయమవుతుంది. బాగా పలుచన చేసి వడగట్టిన గంజినీటిని 5 మిల్లీలీటర్ల చొప్పున నాళికల్లో పోసి, ఒక్కో దానిలో పైన చెప్పిన అయోడిన్ ద్రావణం సరిగ్గా నాలుగేసి చుక్కలు వేయాలి. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రను అర లీటరు నీటిలో కరిగిస్తే ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న ప్రమాణ ద్రావణం సిద్ధమవుతుంది. దాన్ని చుక్క చుక్కగా వేస్తూ, ప్రతి చుక్కకూ కదిలిస్తూ, నీలం పోయేవరకు లెక్కపెట్టాలి. తర్వాత అదే డ్రాపర్‌ను కడిగి వడగట్టిన నిమ్మరసంతో అలాగే లెక్కపెట్టాలి. డ్రాపర్ మారితే చుక్క పరిమాణం మారుతుంది.

ఉదాహరణకు ప్రమాణ ద్రావణం 10 చుక్కలు, నిమ్మరసం 25 చుక్కలు పట్టిందనుకుందాం. 10ని 25తో భాగిస్తే 0.4 వస్తుంది కనుక ఆ రసంలో మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉన్నట్లు. మిగిలిన పరీక్షలు ఉందో లేదో, మహా అయితే ఎక్కువో తక్కువో చెప్పి ఊరుకుంటే ఇది మాత్రం అంకె చేతిలో పెడుతుంది. ఉసిరి రసాన్ని ముందే పది రెట్లు పలుచన చేయకపోతే ఒకటి రెండు చుక్కలకే నీలం పోయి లెక్క తేలదు. ఉసిరిలోని టానిన్లు కూడా అయోడిన్‌ను కొంత వాడుకుంటాయి కనుక దాని అంకె కాస్త ఎక్కువే వస్తుందని పక్కన రాసుకోవాలి. మరిగిస్తే విటమిన్ తగ్గుతుందా అని చూడదలిస్తే, మరిగాక ఆవిరైన నీటిని తిరిగి పోసి మొదటి కొలతకు తేవాలి. లేకపోతే రసం చిక్కబడి, మరిగిస్తే విటమిన్ పెరిగిందన్న తప్పు ఫలితం వస్తుంది.

నమోదు, శుభ్రత

పట్టికలో "ఉంది", "లేదు" అని రాయకుండా, కనిపించిన రంగు, నీళ్ల నాళికలోని రంగు, పట్టిన సమయం, వేసిన చుక్కల సంఖ్య రాయించాలి. నిర్ణయానికి పక్కన వేరే గడి ఉండాలి. రంగు రాని చోట "ఈ పరీక్షలో కనబడలేదు" అనడమే సరైన మాట, ఎందుకంటే ప్రతి సూచికకూ ఒక కనీస మోతాదు ఉంటుంది. రాగుల్లోని కాల్షియం, ఆకుకూరల్లోని ఇనుము వంటి ఖనిజాలు ఈ అయిదు పరీక్షల్లో ఏ ఒక్కదానికీ అందవని కూడా పట్టిక కింద రాయించాలి. లేకపోతే రాగి జావ అంటే ఉత్త పిండిపదార్థమే అన్న నిర్ణయానికి పిల్లలు వచ్చేస్తారు.

రాగి లోహం (కాపర్) కలిసిన ద్రావణాలన్నింటినీ సింకులో పారబోయకుండా, మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బాలో పేరు రాసి సేకరించాలి. బెనెడిక్ట్ నాళికల అడుగున అంటుకున్న ఎర్రని పొర సబ్బుకు పోదు. కొద్దిగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి కదిలిస్తే పోతుంది. వేళ్లకు అంటిన అయోడిన్ మరకకు మాత్రం ప్రయోగంలో మిగిలిన విటమిన్ సి ద్రావణం నాలుగు చుక్కలు చాలు.